గాలి బాబాయి మూసేసిన చిల్లులు

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది. కరెంటు బిల్లు ఆ పేరు మీదే వస్తుంది. కానీ ఆ వీధిలోకి వెళ్లి ఆ పేరు చెప్పి అడిగి చూడండి, ఎవరబ్బా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. గాలి బాబాయి అని అడిగితే మాత్రం మాట పూర్తికాకముందే మలుపులో ఉన్న రేకుల షెడ్డు వైపు నాలుగు చేతులు లేస్తాయి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ షెడ్డులో ఆయన సైకిళ్లకూ స్కూటర్లకూ పంచర్లు వేస్తున్నాడు. సగం ఊరు ఆయన కొట్టిన గాలి మీదే తిరుగుతుంటే అంతకన్నా సరైన పేరు ఇంకేం దొరుకుతుంది?

ఆయన పని చేస్తుంటే ఒకసారి నిలబడి చూడాలి. చక్రం నుంచి ట్యూబు లాగి, గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో కొంచెం కొంచెంగా ముంచుతాడు. బుడగ లేచిన చోట వేలు పెట్టేస్తాడు. ఇక ఆ వేలు తియ్యడు. తడి తుడిచి, ఆకురాయితో గీకి, సొల్యూషన్ రాసి, నోటితో ఊది ఆరబెట్టి, ముక్క అంటించి, సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తాడు. చివరగా టైరును బొటనవేలితో నొక్కి, "ముప్పై రెండుంది, వెళ్లిరా" అంటాడు. గాలి కొలిచే మీటరు మేకుకు వేలాడుతూనే ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు నమ్మకం చాలక అది పెట్టి చూస్తారు. ముల్లు ముప్పై రెండు దగ్గరే ఆగుతుంది. అప్పుడు బాబాయి వాళ్లవైపు చూడకుండా తర్వాతి ట్యూబు అందుకుంటాడు. కాస్త గర్వం ఉంది మనిషికి, ఉండనివ్వండి.

అయితే ఆ పని ఆయనకు ఒక జబ్బు కూడా అంటించింది. చిల్లు కంటబడితే మూయకుండా ఉండలేడు. పెళ్లయిన కొత్తలో భార్య మోజుపడి ఒక గులాబీ కుండీ తెచ్చుకుంది. కుండీ అడుగున చిల్లు ఉండటం చూసి, పాపం అమాయకురాలిని కొట్టువాడు మోసం చేశాడనుకుని, బాబాయి రాత్రికి రాత్రే దానికి రెండు పొరల ముక్క వేశాడు. నీళ్లు బయటికి పోయే దారి లేక గులాబీ వారం తిరక్కుండా కుళ్లిపోయింది. ఆ సంగతి ఆవిడ ఇప్పటికీ మరిచిపోలేదు. ఆయన మరిచిపోయాడు, అసలు చిక్కంతా అక్కడే.

ఆయన వీధికంతటికీ బాబాయి కాబట్టి ఆవిడ పిన్ని అయింది. పిన్ని ఇంట్లో ఎక్లెయిర్లు చేస్తుంది. ఫ్రాన్సు వాళ్ల తీపి అది. జానెడు కన్నా తక్కువ పొడవు, పైన కరకర, లోపల డొల్ల. ఆ డొల్లలో పాలు, గుడ్డు సొన, చక్కెర వేసి కాచిన చిక్కటి క్రీమ్ నింపి, పైన చాక్లెట్ పూత పూస్తారు. చిత్రమేమిటంటే అది పొంగడానికి ఏ పొడీ వెయ్యరు. పిండిలో ఉన్న తడి ఓవెన్ వేడికి ఆవిరై, ఆ ఆవిరే లోపలినుంచి నెట్టి పొంగిస్తుంది. బాబాయి ఇది విన్న రోజు తొడ చరుచుకుని నవ్వాడు. మన ఇంట్లో ఇద్దరిదీ గాలి వ్యాపారమేనే, నేను రబ్బరులో అమ్ముతాను, నువ్వు మైదాలో అమ్ముతావు అన్నాడు. ఆ ఒక్క హాస్యాన్ని పదకొండేళ్లు నడిపాడు. అది అరిగిపోయిందని చెప్పేవాళ్లు లేకపోయారు.

పిన్నికి ఈ విద్య ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఒకప్పుడు ఆవిడ ఒక పెద్ద బేకరీలో అంట్లు తోమేది. తొట్టి ముందు నిలబడి తొమ్మిదేళ్లు తోమింది. చేతులు గిన్నెల్లో ఉంటే కళ్లు మాత్రం ఎదురుగా ఎక్లెయిర్లు చేసే పెద్దాయన బల్ల మీద ఉండేవి. బేకరీ మూతపడ్డాక ఒక పాత ఓవెన్ కొనుక్కుని, చూసింది చూసినట్టు చేసింది. మొదట్లో పాడైనవాటికి లెక్కేలేదు. చివరకు వీధి చివరి కాఫీ షాపు మేడం రుచి చూసి, బుధవారానికీ శనివారానికీ నలభై ఎనిమిదేసి చొప్పున కావాలంది. ఆ షాపు అద్దాల పెట్టెలో పైనుంచి రెండో అర పిన్నిది. దాని ముందు "ఇంట్లో చేసినవి" అని పిన్ని దస్తూరీతోనే ఒక అట్టముక్క ఉంటుంది. కూరగాయలకని బయలుదేరి, చుట్టుదారి అయినా సరే ఆ షాపు ముందునుంచే వెళ్లి, ఆ అట్టముక్కను ఒకసారి చూసుకుని వస్తుంది. ఇంత పెద్ద ఊళ్లో తనది అని చెప్పుకోవడానికి ఆవిడకు ఉన్నది ఆ ఒక్క అరే.

అలాంటిది, పై అలమరలోని పెద్ద గిన్నె తీయబోయి స్టూలు మీదనుంచి జారి పిన్ని కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. డాక్టరు ఆరు వారాలు కదపకూడదని కట్టు వేశాడు. ఆ శనివారం, తర్వాతి బుధవారం అర ఖాళీగా ఉంది. గురువారం పొద్దున కాఫీ షాపు మేడం పండ్లు పట్టుకుని చూడటానికి వచ్చింది. మంచి మనిషే. మంచం పక్కన కుర్చీ అంచు మీద కూర్చుని, చెప్పలేక చెప్పలేక అసలు మాట చెప్పింది. ఫ్యాక్టరీలో చేసి గడ్డకట్టించిన ఎక్లెయిర్ల డబ్బాలు పట్టుకుని ఒకాయన తన చుట్టూ తిరుగుతున్నాడట. ఆరు వారాలు అర ఖాళీగా ఉంచలేనంది.

"పోయిన శనివారం అందరూ అడిగారు పిన్నిగారూ. నిన్న అడిగింది ఇద్దరే. ఈ శనివారం పొద్దున ఎనిమిదింటికి మీ ట్రే వస్తే, కట్టు విప్పేదాకా ఎలాగోలా నెట్టుకొద్దాం. రాకపోతే ఆయనకు సంతకం పెట్టేస్తాను. ఏమీ అనుకోకండి."

పిన్ని ఏమీ అనుకోనంది. మేడం వెళ్లాక గోడవైపు తిరిగి పడుకుంది. బాబాయి గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. ఆయనకు ఓదార్చడం రాదు. షెడ్డుకు వెళ్లి తలుపు దించి, చేతులకు అంటిన నల్లమసి పోయేదాకా మూడుసార్లు సబ్బు రుద్దుకుని తిరిగొచ్చాడు.

"లే. కుర్చీలో కూర్చుని నోటితో చెప్పు. చేతులు నావి వాడుకో."

పిన్ని ఆ చేతులవైపు చూసింది. గంపెడాశ ఏమీ కలగలేదు. అయినా లేచింది.

వంటగది చిన్నది. కిటికీ కింద బల్ల, బల్లకు అటు పొయ్యి, ఇటు మూలన ఓవెన్. బల్ల ముందు కుర్చీలో పిన్ని, చెయ్యి మెడకు వేలాడేసుకుని, ఎదురుగా నడుముకు తువ్వాలు చుట్టుకుని బాబాయి. నీళ్లలో వెన్న, ఉప్పు, చిటికెడు చక్కెర వేసి మరిగించమంది, మరిగించాడు. మైదా ఒక్కసారిగా కుమ్మరించి ఆగకుండా కలపమంది. పిండి గిన్నెను వదిలి ముద్దకట్టేదాకా కలపాలి. ముప్పై ఏళ్లు పంపు కొట్టిన భుజాలు కదా, ఆ పని ఆయన చేతుల్లో ఆటలా అయిపోయింది. చల్లార్చి, గుడ్లు ఒక్కొక్కటే కొట్టి కలుపుతూ, గరిటె ఎత్తితే పిండి నాలుకలా వేలాడేదాకా చూడమంది. సొల్యూషన్ చిక్కదనం చూసినట్టే చూశాడు. కొసన చిన్న మూతి ఉన్న సంచిలో పోసి ట్రే మీద వేళ్లలా పిండమంటే కొన్ని వంకర, కొన్ని లావు వచ్చాయి. ఫరవాలేదంది.

ఓవెన్ తలుపు మాత్రం మధ్యలో తెరవొద్దని గట్టిగా చెప్పింది. అరగంటకు అద్దంలోంచి చూస్తే పదహారూ బూరెల్లా పొంగి, బంగారు రంగు తిరిగి కూర్చున్నాయి. బాబాయి సంతోషం పట్టలేకపోయాడు. పిన్ని కూడా కుర్చీలోంచి సగం లేచింది.

"ఇప్పుడు సన్నటి ఇనుప పుల్లతో ఒక్కోదాని అడుగున మధ్యలో చిన్న చిల్లు పొడవండి. మళ్లీ అయిదు నిమిషాలు లోపల పెట్టండి. అంతే."

బాబాయి ఆవిడకు వీపు పెట్టి, ట్రే ముందు వంగి, ఆవిడ చెప్పినట్టే పదహారింటికీ పొడిచాడు. పిన్ని కిటికీ బయట ఎవరో పలకరిస్తే జవాబు చెబుతోంది. అయిదు నిమిషాల తర్వాత ట్రే తీసి బల్ల మీద పెట్టారు. ఇద్దరూ చూస్తుండగానే మొదటిది మెల్లగా కుంగింది. దాని పక్కది చూసి నేర్చుకున్నట్టు అదీ కుంగింది. పది నిమిషాల్లో పదహారూ చప్పబడిపోయాయి.

పిన్ని ఓవెన్‌ను అనుమానించింది. గుడ్లను అనుమానించింది. బాబాయి చేతులు కడుక్కున్న సబ్బును కూడా అనుమానించింది. సాయంత్రం ఆవిడ చెల్లెలు వచ్చింది. ఆ మరదలు సిటీ బస్సులో కండక్టరు. బస్సు హోరులో అరిచి అరిచి ఇంట్లో కూడా అదే గొంతుతో మాట్లాడుతుంది. కూలిపోయిన ట్రే చూసి, బావా ఇవి ఎక్లెయిర్లా, నువ్వు లారీ పోనిచ్చినవా అని అడిగింది. బాబాయి మొహం మాడ్చుకున్నాడు.

శుక్రవారం పొద్దున కొత్త వెన్న, కొత్త గుడ్లు తెచ్చి మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి పిన్ని ఒక్కో మెట్టునూ రెండేసిసార్లు చెప్పింది. మళ్లీ పొంగాయి, మళ్లీ బంగారు రంగు తిరిగాయి. ఆయన మళ్లీ వీపు పెట్టి వంగాడు, మళ్లీ అయిదు నిమిషాలు లోపల పెట్టాడు. బయటికి తీశాక మళ్లీ అన్నీ కుంగాయి.

ఈసారి పిన్ని దేన్నీ అనుమానించలేదు. ఎడమ చేత్తో ఒకదాన్ని ఎత్తి, కుంగిన పైభాగం చూసి, తిరిగి ట్రేలో పెట్టేసింది.

"నాకే ఏదో గుర్తు రావట్లేదండీ. ఇన్నేళ్లు చేతులు చేసుకుపోయాయి, నేను చూస్తూ ఉన్నానంతే. ఇప్పుడు చెప్పమంటే ఏదో ఒకటి వదిలేస్తున్నాను. ఏది వదిలేస్తున్నానో తెలియట్లేదు."

అని కళ్లు తుడుచుకోబోయి అలవాటుగా కుడి చెయ్యి ఎత్తింది. కట్టు అడ్డం వచ్చింది. గాలి వ్యాపారమని పదకొండేళ్లు వెక్కిరించిన బాబాయి వెళ్లి పక్కన నిలబడ్డాడు, అంతే చేయగలిగాడు.

మధ్యాహ్నం డ్యూటీకి ముందు మరదలు మళ్లీ వచ్చింది. ఆవిడకు ఆకలి ఎక్కువ, మొహమాటం తక్కువ. చప్పబడినా తినడానికేం రోగమంటూ ట్రేలోంచి ఒకటి తీసి కొరికింది. నమిలింది. నమలడం ఆపి, నోట్లోంచి శనగబద్దంత గట్టి ముక్క తీసి వెలుగులో పెట్టి చూసింది. తర్వాత ఇంకొకటి తీసి బోర్లించింది. ఇంకొకటి బోర్లించింది.

"అక్కా, వీటికి అడుగున ప్యాచ్‌లున్నాయేంటి?"

పిన్ని లాక్కుని చూసింది. ప్రతిదాని అడుగునా మధ్యలో, చిల్లు ఉండవలసిన చోట, చిన్న గుండ్రటి పిండి బిళ్ల. అంచులు వేలితో సాపుగా రుద్ది ఉన్నాయి. పనితనం చూడాలి మీరు, ఎక్కడ చిల్లు ఉందో కనిపెట్టడం కష్టం.

"చిల్లులేవండీ?" అంది పిన్ని.

"మూసేశానుగా," అన్నాడు బాబాయి.

"ఎందుకు?"

"అదేమిటి, తెరిచి వదిలేస్తే గాలి పోదూ?"

ఆయన దాచిపెట్టి చేసింది కాదది. పొడవమంది కాబట్టి పొడిచాడు. పొడిచాక మూయాలని వేరే చెప్పాలా? షెడ్డుకు వచ్చినవాళ్లెవరూ బాబాయీ, చిల్లు మూయడం మరిచిపోకు అని చెప్పరు కదా. సంచి మూతికి అంటుకున్న పచ్చిపిండి చిటికెడు తీసి అద్దేశాడు, చేతులే ఆ పని చేసేశాయి. పైగా లోపలి గాలి పోతే ఇవి కూలిపోతాయని, పిన్ని చెప్పడం మరిచిపోయిన జాగ్రత్త తాను తీసుకున్నానని లోలోపల కాస్త మురిసిపోయాడు కూడా.

మరదలు స్టూలు మీద కూర్చుని కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. పిన్ని నవ్వలేదు. కుర్చీలో నిటారుగా కూర్చుని, ఒక్కో మాటా నిదానంగా చెప్పింది.

"లోపల ఉన్నది గాలి కాదండీ, ఆవిరి. అది బయటికి పోవాలి. పోకపోతే లోపలే నీరై, గోడలన్నీ నానబెట్టి కూలదోస్తుంది. చిల్లు పొడిచేది అందుకు. నా గులాబీ చచ్చిపోయింది కూడా అందుకే."

బాబాయికి ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత గులాబీ కుండీ గుర్తొచ్చింది. ఆయన మొహం చూసి పిన్నికి అప్పుడు నవ్వొచ్చింది. నవ్వు కన్నా ముందు వచ్చింది ఇంకొకటి. తాను ఏదీ మరిచిపోలేదు. చేతులకు తెలిసిందంతా తనకూ తెలుసు. రెండు రోజులుగా గుండెల మీద ఉన్న బరువు దిగిపోయి, ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

ఆ మధ్యాహ్నం మూడు వాయిల్లో యాభై కాల్చారు. చిల్లు పొడిచిన ప్రతిసారీ బాబాయి వేలు దానంతట అదే దాని మీదికి పోబోయింది. మరదలు డ్యూటీకి వెళ్లబోతూ, బావ చేతులు కట్టేయవే అక్కా అని గుమ్మంలోంచి కేకేసి మరీ వెళ్లింది. పిన్ని ఈసారి కుర్చీని ఓవెన్ పక్కకు జరిపించుకుని, ఆయన బొటనవేలి మీదనుంచి చూపు తిప్పలేదు. యాభై ఎక్లెయిర్ల డొల్లలూ కుంగకుండా నిలబడ్డాయి. ఒకదాన్ని గోటితో తట్టి చూస్తే ఖాళీ అగ్గిపెట్టెలా చప్పుడు చేసింది. ఆ చప్పుడుకు పిన్ని మొహం వెలిగిపోయింది.

శనివారం తెల్లవారుతుండగా క్రీమ్ పని మొదలైంది. ముందే నింపితే మెత్తబడతాయి కాబట్టి పొద్దునే నింపాలి. ఆవిడ చెబుతుంటే ఆయన పాలు కాచి, సొన కలిపి, అడుగంటకుండా తిప్పి, చల్లార్చి సంచికి ఎత్తాడు. మొదటి రెండూ పిన్ని చూస్తుండగానే నింపాడు. మధ్య చిల్లులో సంచి మూతి పెట్టి పిండటం, క్రీమ్ పైకి కనిపించగానే ఆపడం. అంతలో నొప్పికి వేసుకున్న మాత్ర పని చేసి, పిన్ని కుర్చీలోనే తల వాల్చి నిద్రపోయింది. రెండు రాత్రులుగా కన్ను మూతపడని మనిషి. బాబాయి లేపలేదు.

మూడోది నింపి, అలవాటు కొద్దీ బొటనవేలితో మెల్లగా నొక్కి చూశాడు. మధ్యలో నిండుగా ఉంది. ఎడమ చివర నొక్కాడు. కుడి చివర నొక్కాడు. రెండు చోట్లా ఖాళీ. ఇంకాస్త పిండితే క్రీమ్ చిల్లులోంచి వెనక్కి తన్నింది గాని చివరికి పోలేదు. ఇది ఆయనకు కొట్టినపిండి. చివర్లలో గాలి చిక్కుకుంది. దానికి బయటపడే దారి లేదు, అది కదలకపోతే క్రీమ్‌కు చోటు లేదు. చెప్పొద్దూ, ఆ ఇంట్లో ఈ సంగతి కనిపెట్టగల బొటనవేలు అదొక్కటే.

ఏం చెయ్యాలో తెలుసు, చెయ్యడానికే ప్రాణం ఒప్పుకోలేదు. జీవితంలో ఎన్ని వేల చిల్లులు మూశాడో ఆయనకే తెలియదు. ఎవరూ అడక్కుండా తనంతట తానుగా ఒక్క చిల్లు పెట్టి ఎరగడు. ఇనుప పుల్ల చేతిలోకి తీసుకుని, నిద్రపోతున్న భార్యవైపు ఒకసారి చూసి, ఎక్లెయిర్‌ను బోర్లించి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి పొడిచాడు. చివరి చిల్లులో మూతి పెట్టి పిండితే, మధ్య చిల్లులోంచి గాలి పోతుంటే, క్రీమ్ సాఫీగా లోపలంతా పరుచుకుంది. రెండో చివరా అంతే. నొక్కి చూశాడు. ఈ కొసనుంచి ఆ కొసదాకా ఒకటే బిగువు. యాభయ్యింటినీ అలాగే నింపాడు. పిన్ని చూస్తుండగా నింపిన రెండింటినీ కూడా మళ్లీ పొడిచి నింపాడు. ప్రతి పోటుకీ పళ్లు బిగపట్టాడు.

చాక్లెట్ పూత పూసేవేళకు పిన్ని మేలుకుంది. వరసగా మెరుస్తున్నవాటిని చూసి నిద్రమత్తులోనే నవ్వింది. రెండు ఇంట్లో ఉంచి, నలభై ఎనిమిదీ డబ్బాల్లో సర్దించి, ఆవిడ ఆయన చొక్కా మీది క్రీమ్ మరకను తడిగుడ్డతో తుడిచి పంపింది.

ఎనిమిదికి అయిదు నిమిషాలుండగా బాబాయి కాఫీ షాపు గల్లాబల్ల మీద డబ్బాలు దించాడు. మేడం మూత తీసి, ఒకదాన్ని ప్లేట్లో పెట్టి, కత్తితో అడ్డంగా మూడు ముక్కలు కోసింది. మధ్య ముక్క వదిలేసి చివరి ముక్కనే చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఆవిడ ఆ ముక్క నోట్లో వేసుకుంది.

"బాబాయిగారూ, పిన్నిగారితో అనకండి. పదకొండేళ్లుగా మా అంట్ల బల్ల మీదికి వచ్చే ప్రతి ప్లేట్లో రెండు చివర్లు మిగిలి ఉంటాయి. వాటిలో క్రీమ్ ఉండదని మధ్యది తిని వదిలేసి పోతారు. చెబితే నొచ్చుకుంటారని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇవాళ చివర్లలో కూడా ఉంది."

తర్వాత ఆవిడ రెండో అరలోకి ట్రే జరిపి, సొరుగులోంచి పాత అట్టముక్క తీసి దాని స్థానంలో నిలబెట్టింది. ఫ్యాక్టరీ ఆయనకు వద్దని ఫోన్ చేస్తానంది.

ఇంటికి వచ్చేదాకా బాబాయి ఆ మాటను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సతమతమయ్యాడు. గుమ్మంలో పిన్ని నిలబడి ఉంది. అర ఉంచారని చెప్పాడు. ఆవిడ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని తెరిచింది. మరి తిని ఏమంది అని అడిగింది. ఎప్పటిలాగే ఉన్నాయంది అని చెప్పి, బాబాయి షెడ్డు తెరవాలంటూ గబగబా వెళ్లిపోయాడు. ఆయనకు అబద్ధం చెప్పడం అంతగా రాదు, అందుకే పరుగు.

సాయంత్రం నాలుగింటికి షాపునుంచి ఖాళీ డబ్బాలు తెచ్చి బల్ల మీద పడేశాడు. కడగడానికని పిన్ని ఎడమ చేత్తో మూత తీస్తే లోపల మడిచిన చీటీ ఉంది. "పిన్నిగారూ, ఇవాళ ప్లేట్లలో ఒక్క చివరా మిగల్లేదు. ఇకనుంచి ఇలాగే నింపండి." వద్దన్నావిడే సంతోషం పట్టలేక రాసేసింది. పిన్ని రెండుసార్లు చదివింది. ఇంట్లో ఉంచిన రెండింట్లో ఒకదాన్ని తీసి బోర్లించింది. అడుగున క్రీమ్ తొంగిచూస్తున్న చిల్లులు మూడున్నాయి.

"అంటే ఇన్నాళ్లూ మిగిలేవా?"

బాబాయి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు. చేతులు ఎప్పుడో ఆరిపోయాయి.

"మిగిలేవట."

ఆవిడకు నొప్పిగానే ఉంది. విరిగినప్పుడు చెయ్యి కూడా అంత నొప్పిపెట్టలేదు. ఒకప్పుడు తాను అంట్లు తోమిన తొట్టిలాంటి తొట్టి దగ్గరికే, తాను చేసినవాటి ముక్కలు ఇన్నేళ్లుగా తిరిగి వెళుతున్నాయి. కిటికీలోంచి పడే ఎండలో ఆ ఎక్లెయిర్‌ను పట్టుకుని మూడు చిల్లులనూ మళ్లీ చూసింది.

"ఆ బేకరీలో పెద్దాయన నాకు అడ్డంగా నిలబడేవాడు. తొట్టి దగ్గరనుంచి నాకు మధ్య చిల్లు ఒక్కటే కనపడేది. చివర్లు ఆయన అరచేతుల కింద ఉండేవి." ఎక్లెయిర్‌ను బల్ల మీద పెట్టి అడిగింది, "పొద్దున నాతో ఎప్పటిలాగే ఉన్నాయని ఎందుకు చెప్పారు?"

"నీకు తగిలిన దెబ్బ చాలదా?"

పిన్ని ఆయనవైపు చూసింది. పదకొండేళ్లుగా వెక్కిరించిన మనిషే ఇవాళ తన పేరు నిలబెట్టి, ఆ గొప్ప కూడా తనకే వదిలేసి షెడ్డులోకి పారిపోయాడు. ఆవిడకు ఆయన మీద ఎంత ప్రేమ కలిగిందంటే, దాన్ని దాచుకోవడానికి కత్తి కోసం సొరుగులో వెతకవలసి వచ్చింది. ఎడమ చేత్తో వంకరగా ఎక్లెయిర్ చివర్లు రెండూ కోసింది. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో పూర్తయిన ఎక్లెయిర్‌ను ఇద్దరూ ఎప్పుడూ తినలేదు. అన్నీ షాపుకే పోయేవి. ఆవిడ ఒక చివర తిని, రెండో చివర ఆయన నోటికి అందించింది.

"గాలి లేదు," అన్నాడు బాబాయి నోటినిండా క్రీమ్‌తో.

పిన్ని లేచి వెళ్లి, కడిగి ఆరబెట్టిన ఇనుప పుల్ల తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"కట్టు విప్పాక కూడా పొడిచే పని మీదే. ఒక్కోదానికి మూడు. ఒక్కటి మూసినా ఊరుకోను."